తప్పు మిషనుది కాదు

“మిషన్లో ఏదో తేడా వచ్చిందమ్మా, మళ్ళీ తీద్దాం.” కొత్తపేట దగ్గరి పల్లె నుంచి కొడుకుని తీసుకొచ్చిన ఒక తల్లితో నేనన్న మాట ఇది. మిషన్లో ఏ తేడా రాలేదు. కెమెరాలు తమ పని తాము సరిగ్గానే చేశాయి. తేడా నా చేతిలో వచ్చింది. ఆ మాట అనేటప్పటికే ఆ సంగతి నాకు తెలుసు. ముందు చేసింది తెలివితక్కువ పని, తర్వాత చెప్పింది అబద్ధం. మొదటిదాన్ని మా మేడమ్ ఒక్క పూటలో సరిదిద్దారు. రెండోది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది.

నేను ఫిజియోథెరపిస్టుని. సొంతూరు రాజోలు పక్కన, ప్రాక్టీసు అమలాపురంలో. ఇక్కడికి రాకముందు ఒక పెద్ద నగరంలో ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న గెయిట్ ల్యాబ్‌లో పనిచేశాను. నడకను కొలిచే గది అది. గోడల పైభాగాన చుట్టూ కెమెరాలు, మధ్యలో నడవడానికి బాట, ఆ బాటలో నేలకు సమంగా పొదిగిన పలకలు. పాదం నేలను ఎంత బలంగా తొక్కుతోందో పలకలు చెబుతాయి, కీళ్ళు ఎంత వంగుతున్నాయో కెమెరాలు చెబుతాయి. మనిషిని పొట్టి నిక్కరుతో నిలబెట్టి, నడుము నుంచి పాదాల దాకా మెరిసే చిన్న బంతులు అంటిస్తాం. వీటినే మార్కర్లంటాం. మేము వాడినవి 14 మిల్లీమీటర్లవి. కెమెరా చుట్టూ ఉన్న దీపాలు కంటికి కనపడని పరారుణ కాంతిని చిమ్ముతాయి, బంతి దాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది, కెమెరా సెకనుకు 100 సార్లు ఆ మెరుపుని పట్టుకుంటుంది. ఒకే బంతిని రెండు మూడు కెమెరాలు చూశాయంటే అది గదిలో ఎక్కడుందో మిల్లీమీటరు తేడాలో తేలిపోతుంది.

ఆ కచ్చితత్వం చూసే నేను బోల్తాపడ్డాను. కంప్యూటరుకి కాలు కనపడదు. ఎముకా కనపడదు, కీలూ కనపడదు. దానికి కనపడేవి బంతులే. తుంటి కీలు ఎక్కడుంది, మోకాలు ఏ ఇరుసు మీద మడత పడుతోంది అన్నవి ఆ బంతుల్ని బట్టి అది వేసుకునే లెక్కలు. బంతి ఎక్కడుందో మిల్లీమీటరుతో సహా చెబుతుంది గానీ, ఆ బంతి ఉండాల్సిన చోట ఉందో లేదో చెప్పలేదు. ఆ చోటును వెతికేది మనిషి వేలు.

చాలా ల్యాబుల్లో వాడే పద్ధతిని హెలెన్ హేస్ పద్ధతి అంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆ పేరుతో ఉన్న ఆసుపత్రిలో పుట్టింది, 1990లో కదబ బృందం దాన్ని ప్రచురించింది. తక్కువ మార్కర్లతో పని జరగాలన్నది దాని ఉద్దేశం. కటి ముందు భాగాన రెండు పక్కలా పొడుచుకొచ్చినట్టుండే ఎముక కొనల మీద ఒక్కొక్కటి, వెనక నడుము కింద ఒకటో రెండో, ఆపైన ప్రతి కాలికీ తొడ పక్కన, మోకాలి పక్కన, పిక్క పక్కన, చీలమండ బయటి గుబ్బ మీద, మడమ మీద, రెండో వేలి మొదట్లో. తుంటి కీలు మాంసంలో లోతుగా ఉంటుంది, వేలికి అందదు. కటి కొలతల్నీ కాలి పొడవునీ బట్టి దాన్ని లెక్కగట్టుకోవాలి.

మోకాలి మార్కరు గురించి కొంచెం చెప్పాలి. మనిషిని నిలబెట్టి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మోకాలి బయటి పక్క రెండు వేళ్ళు ఆనించి, మెల్లగా మడిచి చాపమంటాం. వేళ్ళ కింద చర్మం ముందుకీ వెనక్కీ జారుతుంటుంది, ఒక స్నాయువు కదులుతుంది, ఎముక గుబ్బ ఒకటి తగులుతుంది. కాలు మడుస్తున్నా చాపుతున్నా అన్నిటికంటే తక్కువ కదిలే చోటు ఒకటుంటుంది. అక్కడ పెన్నుతో చుక్క పెట్టాలి. కాలు చాపి నిలబడ్డాక ఆ చుక్క మళ్ళీ ఎముక మీదే ఉందా, చర్మంతో పాటు పక్కకి పోయిందా అని ఇంకోసారి తడిమి చూడాలి. ఆ తర్వాతే బంతి. సన్నటి పిల్లల్లో ఇది తేలిక. ఒళ్ళున్న వాళ్ళలో, కాలు ఎప్పుడూ బిగదీసుకుని ఉండే పిల్లల్లో చాలా ఓపిక కావాలి.

తొడ మార్కరుకి ఆ ఆసరా కూడా లేదు. అక్కడ తడమడానికి ఎముక లేదు, అంతా కండ. తుంటి కీలు, మోకాలి ఇరుసు ఉన్న సమతలంలోనే ఈ బంతి కూడా ఉండాలి. ఆ సమతలం గాలిలో ఉంటుంది. పక్కన కూర్చుని, ఒక కన్ను మూసి, తుంటి పక్క ఎముకనీ మోకాలి చుక్కనీ కలుపుతూ చూపు సారించి, “ఇక్కడ” అనుకుని అంటించాలి. మొత్తం పద్ధతిలో అత్యంత బలహీనమైన చోటు ఇదేనని పుస్తకాల్లో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను.

ఆ పిల్లవాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. నెలలు నిండకుండా పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ, రెండు కాళ్ళూ బిగుతు. మునివేళ్ళ మీద, మోకాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ నడిచేవాడు. ఫారం మీద ఊరి పేరు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఆ నగరంలో మన యాస విని చాలా కాలమైంది. ఆ తల్లి “ఆయ్, పలివెల అవతలండి” అంటే నేను మా రాజోలు సంగతి ఎత్తుకున్నాను. వశిష్ఠ గోదావరి, అంతర్వేది తీర్థం, కొబ్బరికాయ రేటు, ఎవరి చుట్టాలు ఎక్కడున్నారు. మాట్లాడుతూనే మార్కర్లు పెట్టాను. కుడి తొడ దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడికి చక్కిలిగింత పుట్టి మెలికలు తిరిగాడు, కాలు లోపలికి తిప్పి నిలబడ్డాడు. సరిగ్గా నిలబెట్టి మళ్ళీ చూపు సారించాల్సింది. చెయ్యలేదు. అంటించి లేచాను. మనవాళ్ళ ముందు చకచకా పనిచేసే వాడిలా కనపడాలన్న ఆరాటం నాకు ఆ క్షణంలో బలంగా ఉంది. ఈ మాట ఒప్పుకోకపోతే మిగతా కథంతా సాంకేతిక లోపంగా మిగిలిపోతుంది.

గ్రాఫులు వచ్చాయి. కుడి తుంటి గీత పైకి పోయి ఉంది. అంటే నడిచినంతసేపూ తొడ లోపలికి తిరిగి ఉందని. తొడ ఎముక పుట్టుకతో అందరికీ కొంత మెలితిరిగే ఉంటుంది. పసితనంలో సుమారు 40 డిగ్రీలు, ఎదిగేకొద్దీ తగ్గి పెద్దయ్యేసరికి 15 దగ్గర ఆగుతుంది. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి ఆ మెలిక విప్పుకోదు. అప్పుడు ఎముకని అడ్డంగా కోసి, కావలసినంత తిప్పి, ప్లేటు వేసి స్క్రూలు బిగించే ఆపరేషన్ ఒకటుంది. నాకు గ్రాఫు చూడగానే అది మెరిసింది. జవాబు దొరికిందన్న సంబరంలో వరండాలోకి వెళ్ళి ఆ తల్లికి చెప్పేశాను. తొడ ఎముకే తిరిగి ఉందమ్మా, కోసి సరిచెయ్యాల్సి రావచ్చు అని.

అలా చెప్పే అధికారం నాకు లేదు. రిపోర్టుని సర్జన్లు, ఫిజియోలు, ఇంజనీరు కలిసి కూర్చుని చదవాలి, పిల్లవాడిని మళ్ళీ పరీక్షించాలి, అప్పుడు నిర్ణయం. ఆ రాత్రి ఆవిడ ఇంటికి ఫోన్ చేసింది. తెల్లారేసరికి పిల్లవాడి తాతగారు ఉన్న కొద్దిపాటి కొబ్బరితోటని తాకట్టు పెట్టడానికి ఒకరితో మాట కూడా అనుకున్నారు.

మర్నాడు ల్యాబ్‌లో నా పైన ఉన్న మా మేడమ్ గ్రాఫులు చూశారు. తుంటి గీతను చూడనే లేదు, నేరుగా మోకాలి వరసకి వెళ్ళారు. మోకాలు ముందుకీ వెనక్కీ మడిచే కీలు. పక్కలకి దాదాపు వంగదు. కాలు గాలిలో ముందుకు ఊగేటప్పుడు మామూలుగా 60 డిగ్రీల దాకా మడత పడుతుంది. మడత పెరిగేకొద్దీ పక్కకి వంగడం కూడా అదే తీరుగా పెరుగుతోందని గ్రాఫు చూపిస్తోందంటే, మోకాలు పక్కకి వంగుతోందని కాదు. ఇరుసుని తప్పుగా గీశామని అర్థం. మడతలో కొంత భాగం పక్కదారి పట్టి అలా కనపడుతుంది. ఆ కొండలాంటి గీత అదే కాగితం మీద, నా కళ్ళ ఎదుట ఉంది. పైగా ముందు రోజు పిల్లవాడిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడిచి, తుంటి లోపలికీ బయటికీ ఎంత తిరుగుతోందో కొలిచి రాసింది కూడా నేనే. ఆ అంకెల్లో అంత మెలిక లేదు. నా చేతిరాత ఒకటి చెబుతుంటే, గ్రాఫు ఇంకొకటి చెబుతుంటే, నేను గ్రాఫుని నమ్మాను.

మేడమ్ ఒక్కటే అడిగారు. “తొడ మార్కరు పెట్టిందెవరు?”

ఆ రోజు మార్కర్లు ఆవిడే పెట్టారు. తుంటి గీత ఇంచుమించు మామూలు చోటికి దిగింది. మోకాలు పక్కకి వంగే గీత చదునయింది. అసలు ఇబ్బంది పిక్క కండరాల్లో, తొడ వెనక కండరాల బిగుతులో ఉందని తేలింది. వరసగా పిండికట్లు, ఆపైన కాలికి స్ప్లింట్లు, రాత్రిపూట కూడా వేసుకోవాలి, రోజూ సాగదీసే వ్యాయామాలు. కత్తి అవసరం లేదు.

లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. తుంటి కీలు నుంచి మోకాలి మార్కరుకి ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకి తొడ మార్కరు 5 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. మార్కరు 1 సెంటీమీటరు ముందుకి జరిగితే మొత్తం సమతలం 11 డిగ్రీలు తిరిగిపోతుంది. చక్కిలిగింతకి మెలికపడ్డ పిల్లవాడి చర్మం అంతకంటే ఎక్కువే జరుగుతుంది. చిన్న తొడ మీద చిన్న పొరపాటు పెద్ద కోణమవుతుంది. అందుకే కొందరు మార్కరుని కర్రపుల్ల చివర పెట్టి దూరం పెంచుతారు. పుల్ల ఊగుతుందని ఇంకొందరు వద్దంటారు.

ఈ బాధ కొత్తది కాదు. 1880లలో పారిస్‌లో ఎటియెన్ జూల్ మారే మనుషులకి నల్ల దుస్తులు తొడిగి, చేతులకీ కాళ్ళకీ తెల్ల పట్టీలు కట్టి ఫొటోలు తీశాడు. 1891లో లైప్‌జిగ్‌లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త విల్హెల్మ్ బ్రౌనె, గణిత శాస్త్రవేత్త ఓట్టో ఫిషర్ ఒక సైనికుడి ఒంటికి వెలిగే గాజు గొట్టాలు కట్టి చీకట్లో నడిపించారు. నడక నిమిషాల పని. గొట్టాలు కట్టడానికి గంటలు పట్టింది, లెక్కలు కట్టడానికి ఏళ్ళు పట్టింది. బ్రౌనె మర్నాటి ఏడే చనిపోతే ఫిషర్ ఆ పని పూర్తిచేశాడు. వాళ్ళు కట్టడానికి పెట్టిన ఓపిక నాకు లేకపోయింది. కాలిఫోర్నియాలో వెర్న్ ఇన్‌మన్ బృందం ఇంకా ముందుకెళ్ళి, ఒప్పుకున్న మనుషుల ఎముకల్లోకే పిన్నులు దింపి, ఎముక ఎంత తిరుగుతోందో కొలిచి 1948లో ప్రచురించింది. చర్మాన్ని నమ్మలేకే అంత పని చేశారు. తలగడ మీద గలీబు జారినట్టు ఎముక మీద చర్మం జారుతుంది, తొడ దగ్గర మరీను. 2009లో జెన్నిఫర్ మెక్‌గిన్లీ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసింది. కొలతల్లో పొరపాటు చాలావరకు 5 డిగ్రీల లోపే ఉంటోందని, తుంటి, మోకాలు తిరిగే కోణాలే దానికి మినహాయింపని తేల్చింది. నేను వరండాలోకి పరుగెత్తి చెప్పింది సరిగ్గా ఆ మినహాయింపు అంకెనే.

మన దగ్గర పోలియో రోజుల్లో ఈ కెమెరాలేవీ లేవు. తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో, విశాఖలో సుంకర వెంకట ఆదినారాయణరావు గారి శిబిరాల్లో ఎంతోమంది పిల్లలకి ఆపరేషన్లు జరిగాయి. ఆయనకి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తరం డాక్టర్లు పిల్లవాడిని నడిపించి చూసి, బల్ల మీద కండ కండా పట్టి చూసి నిర్ణయించేవారు. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేను దాన్ని పాతకాలపు అంచనా అనుకున్నాను. అలా అనుకోవడం నా అజ్ఞానం. సెరిబ్రల్ పాల్సీ పోలియో కంటే చిక్కయినది కాబట్టి కొలత కావాలి, నిజమే. ఏటా ఒక ఆపరేషన్ చొప్పున పిల్లల బాల్యమంతా ఆసుపత్రిలో గడిచిపోతుంటే టొరంటో సర్జన్ మెర్సర్ రాంగ్ దాన్ని పుట్టినరోజు జబ్బు అన్నాడు. అన్నీ ఒకే విడతలో చెయ్యాలంటే ఏం చెయ్యాలో ముందే తెలియాలి, అందుకే గెయిట్ ల్యాబులు. కానీ అంత బరువైన నిర్ణయానికి ఆధారమయ్యే కొలతని బల్ల మీది పరీక్షతో సరిచూసుకోకపోతే, ఆ పాత డాక్టర్లు చేసిన దానిలో సగం కూడా చెయ్యనట్టే.

ఇక అబద్ధం సంగతి. మేడమ్ ముందు తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ గట్టిగా ఏమీ అనలేదు, తల్లికి నువ్వే వెళ్ళి చెప్పు అన్నారు. వెళ్ళాను. బెంచీ మీద కూర్చున్న ఆవిడ కళ్ళు రాత్రంతా నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. నేను పొరపాటు చేశానమ్మా అనే మాట గొంతులోంచి రాలేదు. మిషన్లో తేడా అన్నాను. రెండో రిపోర్టు వచ్చాక కూడా ఆపరేషన్ అక్కర్లేదని చెప్పానే గానీ, మొదటిది ఎందుకు తప్పిందో చెప్పలేదు. ఆవిడ నాకు దణ్ణం పెట్టింది. తాకట్టు మాట వెనక్కి తీసుకున్నారు. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని నన్ను నేను నమ్మించుకున్నాను.

కొన్నేళ్ళ తర్వాత, నేను అమలాపురం వచ్చేశాక, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాను. చుట్టుపక్కల 11 ఊళ్ళ రుద్రులు ప్రభల మీద అక్కడికి వస్తారు. గంగలకుర్రు వాళ్ళ ప్రభలు కౌశిక కాలువ దాటి వస్తుంటే జనం గట్ల మీద బారులు తీరి నిలబడతారు. వరిచేల మధ్య గట్టు మీద ఒక కుర్రాడు ముందుకు వంగి, మోకాళ్ళు మడిచే ఉంచి, ప్రతి అడుగుకీ ఒళ్ళంతా ఊపుతూ వస్తున్నాడు. మొహం కంటే ముందు నడకని గుర్తుపట్టాను. పక్కన వాళ్ళమ్మ ఉంది.

ఒక్కసారిగా ఎదిగే వయసులో ఈ పిల్లల్లో మోకాళ్ళు అలా మడతపడిపోవడం ఉన్నదే. ఎముక సాగినంత వేగంగా కండ సాగదు, బరువు పెరుగుతుంది. అయినా స్ప్లింట్లు సరిగా వాడి ఉంటే ఇంత ఉండకపోవచ్చు. అడిగాను. మానేశామండి అంది. ఎందుకమ్మా అంటే, కోపం లేకుండానే చెప్పింది.

“మొదటి రోజు తొడ ఎముకన్నారు, మర్నాడు పిక్కన్నారు. ఆ మిషను తప్పు చూపిస్తుందని తమరే చెప్పారు కదండీ. మరి రెండోది మాత్రం ఒప్పని ఎలా అనుకుంటామండి? పిల్లోడు రాత్రుళ్ళు ఆ కట్లతో ఏడుస్తుంటే తీసేశామండి.”

సరిగ్గానే ఆలోచించింది. నేను చెప్పినదాన్ని నమ్మితే ఎవరైనా అలాగే ఆలోచిస్తారు. నా తప్పును మిషను మీదికి తోసేసినప్పుడు, మేడమ్ గంటసేపు ఓపికగా పెట్టిన మార్కర్లనీ, సరైన కొలతనీ, దాన్ని బట్టి రాసిన వైద్యాన్నీ కూడా నేనే అబద్ధం చేసేశాను. ఇది నాకు ఆ గట్టు మీద నిలబడ్డాక గానీ తట్టలేదు. చుట్టూ డప్పులు, జనం. అక్కడ చెప్పే మాట కాదది.

తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద తాతగారు కూడా ఉన్నారు. మొదటి నుంచీ చెప్పాను. మార్కరు ఎక్కడ ఉండాలి, నేనెక్కడ పెట్టాను, అది ఎందుకు తొడ తిరిగినట్టు చూపించింది, అదే కాగితంలో తప్పు ఎలా బయటపడింది. కుర్రాడి మోకాలి మీదే వేలు పెట్టి చూపించాను. మిషన్లో ఏ దోషమూ లేదు, నేను దోషం చేసి దాని మీద పెట్టాను అని చెప్పాను. తాతగారు చాలాసేపు నా వంక చూసి, అప్పుడే చెప్పుంటే ఏం పోయేది బాబూ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తల్లి మాత్రం ఇంకో ప్రశ్న అడిగింది.

“ఈసారి తీస్తే ఆ బంతులు ఎవరు పెడతారండి?”

గెయిట్ ల్యాబుకి వెళ్ళే ప్రతి తల్లీ అడగాల్సిన ప్రశ్న అది. ఎవరు పెడతారు, వాళ్ళకి ఎంతకాలం అనుభవం ఉంది, మార్కర్లు తీసేసి మళ్ళీ పెట్టి రెండోసారి కొలుస్తారా, రెండు కొలతలూ కలుస్తున్నాయా. ఇప్పుడు కొన్ని చోట్ల మోకాలిని పదేపదే మడిపించి, ఆ కదలిక నుంచే ఇరుసుని లెక్కగడుతున్నారు, వేలి మీద భారం కొంత తగ్గుతోంది. మార్కర్లే లేకుండా వీడియో చూసి కీళ్ళు గుర్తుపట్టే పద్ధతులూ వచ్చాయి. అమలాపురంలో నేనూ ఫోను వీడియోలు తీస్తాను, నడక మారిందో లేదో పోల్చడానికి బాగా పనికొస్తాయి. కానీ ఎముక మెలికని వాటితో తేల్చి చెప్పను. ఆ ప్రోగ్రాములకి కీలు ఎక్కడుందో నేర్పిన బొమ్మల మీద చుక్కలు పెట్టింది కూడా మనుషులే. ఏ పద్ధతయినా మోకాలు పక్కకి వంగే గీతని ముందు చూడాలన్నది మాత్రం మారదు. ఆవిడకి ఇదంతా నోట్‌బుక్‌లో బొమ్మ గీసి చెప్పాను.

కొబ్బరి దింపు డబ్బులు చేతికొచ్చాక బయల్దేరారు. వేరే ఊళ్ళో, వేరే ల్యాబు. నేను వెంట వెళ్ళాను గానీ మార్కర్లు ముట్టుకోలేదు. అక్కడి అమ్మాయి చాలాసేపు తీసుకుని, రెండుసార్లు తడిమి, పెన్నుతో గుర్తులు పెట్టుకుని అంటించింది. నడక అయిపోయి కాగితాలు బయటికి రాగానే తల్లి నోట్‌బుక్ తెరిచి పట్టుకుని, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, “మోకాలు పక్కకి వంగే గీత ఏదమ్మా?” అని అడిగింది. ఆ అమ్మాయి ముందు తెల్లబోయి, తర్వాత వేలు పెట్టి చూపించింది. గీత చదునుగా ఉంది. తల్లి దాన్ని నోట్‌బుక్‌లోని నా బొమ్మ పక్కన పెట్టి పోల్చుకుని, సరేనండి, ఇప్పుడు తొడ సంగతి చెప్పండి అంది.